పుస్తకాల బండికి నేనాడిన బేరం

దుకాణంలో పెరిగినవాణ్ణి గ్రంథాలయం పనికి పంపితే ఎంత అనర్థమో చెప్తాను, వినండి. మీరు కడుపు పట్టుకుని నవ్వినా పర్లేదు. ఆ రోజు మా సరోజ మేడం మాత్రం తల పట్టుకుంది.

మేడం బూర్గంపాడు లైబ్రేరియన్. దుమ్ముగూడెం అవతలి అడవి ఊళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఒక్కో పుస్తకం కోసం రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు. వాళ్ల ఊళ్లకే పుస్తకాల బండి పంపాలని ఆమె తిరగని ఆఫీసు లేదు. చివరికి భద్రాచలంలో ఒక కంపెనీ "రండి, మాట్లాడుకుందాం" అంది.

"శీనూ, నువ్వు తోడు రా. నాకు మాట్లాడుడు చాతకాదు. బేరంల నిన్ను మించినోడు లేడంటరు."

అవ్, లేడు. అప్పటికి నాకు మీసం సన్నం, పొగరు దొడ్డు. పైగా బట్టల దుకాణం బిడ్డను. ఎదుటివాడు అంకె చెప్పగానే సగానికి కోయడం, కుదరకపోతే చెప్పుల్లో కాళ్లు పెట్టడం, వెనక్కి పిలిచేదాకా మెల్లగా నడవడం, ఇవన్నీ మా ఇంట్లో ఓనమాల కన్నా ముందే నేర్పుతారు. మొక్కై వంగనిది మానై వంగదంటారు. నేను మొక్కప్పుడే బేరానికి వంగి, మానయ్యాక లేవడం మరిచాను.

ఆఫీసరు మర్యాదస్తుడు. చాయ్ తెప్పించి, "వారానికి మూడు రోజులు బండి పంపుతాం. డ్రైవరు, డీజిలు మావే" అన్నాడు.

నా బుర్ర సంతోషించేలోపే నోరు దుకాణం తెరిచింది.

"మూడా! శానా చెప్తున్నరు సార్. ఒకటి చేస్కోండి."

మేడం చేతిలో చాయ్ తొణికింది. ఆఫీసరు కళ్లద్దాలు తీశాడు. "ఒకటి... సరిపోతుందా?"

చూశారా, ఠక్కున దిగాడు! దిగినవాడు ఇంకా దిగుతాడు. "పదిహేను దినాలకొకటి. ఆఖరి మాట."

మేడం నా కాలు తొక్కింది, పాపం, ఆపుదామని. ఇంకా గట్టిగా పట్టమంటోందనుకున్నాను నేను.

"డీజిలు గిట్ల అన్నీ కలిపి చెప్తే ఎట్ల సార్? విడిగ చెప్పుండ్రి."

"విడిగా అంటే, డీజిలు మీరే పోసుకుంటారా?" అన్నాడాయన ఆశగా.

"గట్లయితే వేరే దుకాణం చూస్కుంటం! రండి మేడం!"

లేచి వరండాలోకి నడిచాను, మెల్లగా.

"ఏందిరా నువ్వు చేసింది?"

"ఆగుండ్రి మేడం, పిలుస్తడు."

పిలిచాడు! "ఏమండీ!"

మీసం దువ్వుకుంటూ తిరిగాను.

"తలుపు వేసి వెళ్లండి. ఏసీ పోతోంది."

ఇచ్చేవాడు ఆయన, పుచ్చుకునేవాళ్లం మేమని అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. తంతే బూరెల గంపలో పడ్డవాణ్ణి, లేచి బూరెలన్నీ దులుపుకుని వచ్చాను!

మేడం ఒక్కతే లోపలికి వెళ్లింది. తలుపు సందులోంచి విన్నాను.

"సార్, ఆ పిల్లలు ఒక్క పుస్తకానికి ఒక దినం కూలి ఇడిసిపెట్టి వస్తున్నరు. మీరు మొదలు చెప్పిందే ఇయ్యుండ్రి. ఆ పిలగాడు మా తరఫున కాదు, మీ తరఫున మాట్లాడిండు."

ఆఫీసరు నవ్వుతూ ఆమెతో పాటే బయటికొచ్చాడు. "మూడు రోజులు ఖాయం మేడం." తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు. "మా కంపెనీకి సరుకులు కొనేచోట నీలాంటివాడే కావాలయ్యా. నెలకు ముప్పై వేలు. వస్తావా?"

మేడం నా నోటికి అడ్డంగా ఫైలు పెట్టింది. ఆలస్యమైపోయింది.

"పదిహేను చేస్కోండి సార్!"

ఆ పదిహేనుకే చేరాను. బండి మాత్రం వారానికి మూడు రోజులూ తిరుగుతోంది.

ఆ సాయంత్రమే గోదారి నీళ్లు దోసిట్లో పట్టి ఒట్టేశాను. ఇచ్చేవాడి ముందు ఇక నోరు తెరవను. ఎన్నాళ్లకు ఈ ఒట్టు అని మేడం నన్ను అడగలేదు. అడిగితే దాన్నీ సగానికి కోస్తానని తెలిసిన తెలివైన మనిషి.