జీపు వెనుక ఇంగ్లీషు మాట

తొంభైల్లో ఒకసారి ఎస్.కోటలో బస్సు తప్పిపోయి అరకు జీపు ఎక్కాను. దాని వెనుక ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఫార్మిడబుల్’ అని రాసి ఉంది.

“ఆ పేరు ఎవరు పెట్టారు?” అని డ్రైవరును అడిగాను.

“కిందటేడు ఒక తెల్లదొర మన బండిలో ఘాటీ రోడ్డు ఎక్కినాడు బాబూ. దిగీసి, సెమట తుడుసుకుంటా ఆ మాటే అన్నాడు. మెచ్చుకున్నాడని రాయించీసినాను. ఏటి దానర్థం?”

నేను ఇంగ్లీషు లెక్చరర్ని. ఠీవిగా చెప్పాను: “చూస్తేనే గుండె జారిపోయేది.”

వెంటనే ఇద్దరు ప్రయాణికులు మూటలతో సహా దిగిపోయారు. డ్రైవరు ముఖం మాడిపోయింది.

“గెలవడం కష్టమైనది అనే అర్థం కూడా ఉంది. అది పొగడ్తే!” అని సర్దబోయాను. ఎవరూ వినలేదు.

అప్పుడు అల్లం బస్తా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ కేకేసింది; కొండమీద సేద్యం చేసుకునే మనిషి. “బేగి ఎక్కండర్రా! నాను ప్రతి సంతకీ ఈ బండిలోనే ఎల్తన్నాను. బయమైతే ఈ బాబుని ముందు కూకోబెట్టండి. అర్థం తెలిసినోడు గదా, లోయని ఆయనే సూసుకుంటాడు.”

అందరూ నవ్వారు. దిగినవాళ్లు మళ్లీ ఎక్కారు. ముందు, తలుపు లేని వైపు సీటు నాకిచ్చారు.

మొదటి మలుపులో లోయ కనబడగానే కళ్లు మూసుకున్నాను.

“సార్, ఆ రెండో అర్థం ఏటన్నారు?” అని డ్రైవరు తీరిగ్గా అడిగాడు.

నాకు తెలుగు కూడా గుర్తుకు రాలేదు.