గుడారం దగ్గర ఆగిపోయే ప్రేమకుమారి

ప్రేమకుమారి బైబిలు చదవడం ప్రతి ఏడూ జనవరి ఒకటిన మొదలై ఫిబ్రవరి రెండో వారానికి ఆగిపోయేది. ఆగే చోటు కూడా ఒక్కటే. సృష్టి, జలప్రళయం, అబ్రాహాము, యోసేపు, ఎర్ర సముద్రం దాకా బండి బాగానే నడిచేది. ఆ తరువాత ఎడారిలో దేవుడి గుడారం కట్టే అధ్యాయాలు వచ్చేవి. ఎన్ని మూరల పొడవు, ఎన్ని మూరల వెడల్పు, ఎన్ని తెరలు, ఎన్ని కొలుకులు. మూడో తెర దగ్గరికి వచ్చేసరికి ఆమె తల మెల్లగా పేజీ మీదికి వాలేది. పదకొండేళ్ళు ఇదే జరిగింది. ఆమె బైబిల్లో మొదటి ఎనభై పేజీలు నలిగి మెత్తబడ్డాయి. మిగతావి కొన్ననాటి లాగే పెళపెళలాడుతుండేవి.

ఆమెకు వైట్‌ఫీల్డ్‌లో, రైల్వే స్టేషనుకు పోయే దారిలో చిన్న టైలరింగు షాపు ఉండేది. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్. తాతల కాలంలోనే కోలారు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరాలు సండే స్కూల్లో నేర్చుకున్నవే. కన్నడ పేపరు గడగడా చదివే మనిషి, తెలుగు బైబిలు తీస్తే ఒక్కొక్క మాటనూ సూదిలోకి దారం ఎక్కించినట్టు చదివేది. పైగా అందులోని తెలుగు ఇంట్లో మాట్లాడుకునే తెలుగు కాదు. ఒకసారి కన్నడ బైబిలు కొని చూసింది. అర్థమైంది గానీ, "దేవుడు బ్యాంకు మేనేజరు మాదిరి మాట్లాడతా ఉండాడు" అని పక్కన పెట్టేసింది.

ఆమె భర్త స్టాన్లీ జిగణిలో ఒక ఫ్యాక్టరీలో టర్నరు. కంపెనీ బస్సులో పోతూ వస్తూ బైబిలు చదివి, ప్రతి క్రిస్మస్‌కూ ఒకసారి పూర్తి చేసేవాడు. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. కానీ రాత్రి అన్నం తింటూ, "ఈ పొద్దు యెషయా అయిపోయింది" అనేవాడు మామూలుగా. ఆ మామూలుతనమే ప్రేమకుమారికి ఎక్కడో గుచ్చుకునేది.

ఉపాయాలు కూడా ఆయనే చెప్పేవాడు.

"నిలబడి చదువు. నిద్రెట్ల వస్తుందో చూద్దాం."

నిలబడి చదివింది. బీరువాకు ఆనుకుని, నిలబడే నిద్రపోయింది.

"కాళ్ళు చన్నీళ్ళలో పెట్టుకో. మా సూపర్‌వైజరు పరీక్షలకు అట్లనే చదివినాడంట."

బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. గంట తరువాత స్టాన్లీ లేపేసరికి కాళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. పది రోజులు జలుబు. మా పాస్టరు చెన్నరాయప్ప అయ్యగారు, "ఉపాయాలు కాదమ్మా, చదవాలనే ఆశ పుట్టించమని ముందు ప్రార్థన చెయ్యి" అన్నారు. ఆమె మోకరించి ప్రార్థన మొదలుపెట్టింది. కుక్కరు మూడో విజిలుకు మెలకువ వచ్చింది. బైబిలు మీద నిద్రపోవడం పెద్ద తప్పా, ప్రార్థనలో నిద్రపోవడం పెద్ద తప్పా అన్న కొత్త సందేహం ఒకటి మిగిలింది.

నవ్వులాటగా చెప్తున్నాను గానీ, ఆమెకు అది నిజంగా బాధే. చదవాలని ఉండేది కాదు. చదవాలని ఉంటే బాగుండునని మాత్రం గట్టిగా ఉండేది.

1997 జనవరిలో పరిస్థితి ఇంకా చిక్కులో పడింది. మా సంఘంలో స్త్రీల కూడిక జరుగుతోంది. ప్రేమకుమారి ఒళ్ళోని బైబిలు రెండింతలు ఉబ్బి ఉంది. నిండా చీటీలు, రంగురంగుల గుడ్డ పీలికలు. షాపులో కాగితాలు ఎగిరిపోకుండా కొలతల చీటీలూ, మ్యాచింగు చూడాల్సిన ముక్కలూ ఆమె అందులోనే దాచేది. అయ్యగారు ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని పైకెత్తి చూపించారు.

"చూడండమ్మా. బైబిలు చదవడమంటే ఇదీ. పేజీ పేజీకీ గుర్తులు పెట్టుకుంది."

ఒక చీటీ జారి కింద పడింది. "నడుము 34, చేతులు కురచ" అని ఉంది దాని మీద. అయ్యగారు దాన్ని తీసి, చదవకుండానే భక్తిగా లోపల పెట్టి ఇచ్చారు. ఆ సాయంత్రమే ఆమెను ఆ ఏటి బైబిలు పఠనానికి నాయకురాలిగా పెట్టారు. గోడకు పెద్ద చార్టు. ముప్ఫై రెండు మంది స్త్రీల పేర్లు, వారానికొక గడి. చదివినవాళ్ళ గడిలో ప్రేమకుమారి పెన్సిలుతో టిక్కు పెట్టాలి. నాయకురాలి గడి ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది? పెట్టుకుంది. ఫిబ్రవరి రెండో వారం తరువాత కూడా పెట్టుకుంటూనే పోయింది. ఎవరైనా, "ముందర ఏమొస్తుందక్కా?" అని అడిగితే, "చదివితే నీకే తెలుస్తుంది" అనేది గంభీరంగా. ఆ చార్టులో నా పేరూ ఉంది.

ఆగస్టులో ఓబులమ్మ పనికి చేరింది. కదిరి వైపు మనిషి. అప్పట్లో వైట్‌ఫీల్డ్‌లో లేస్తున్న పెద్ద పెద్ద ఆఫీసు భవనాలకు ఇసుక, ఇటుకలు మోసేది. మెట్ల మీద జారి మోకాలు దెబ్బతిన్నాక ఆ పని చేయలేకపోయింది. చేతిపని మాత్రం చక్కగా వచ్చు. హుక్కులు, కాజాలు, ఫాల్ కుట్టడానికి ప్రేమకుమారి షాపులో కూర్చునేది. అక్షరం ముక్క రాదు. నోరు ఊరుకోదు, చెవి అసలే ఊరుకోదు. రోజంతా రేడియో మోగుతుండాలి. మూడో వారంలో రేడియో చెడిపోయింది.

ఒక పూట గడిచింది. ఓబులమ్మ తట్టుకోలేకపోయింది.

"ప్రేమమ్మా, ఆ లావు పుస్తకంలో ఏముండాది? ఊరికే సుమ్నె పెట్టుకోనుండావు. కొంచెం చదువు, ఇందాం."

"అది మా దేవుని పుస్తకం ఓబులక్కా."

"దేవుని పుస్తకమైతే ఏమి, ఇంటే చెవులు కాలతాయా? చదువు."

ప్రేమకుమారి మొదటి నుంచి మొదలుపెట్టింది. మనసులో చదువుకునేటప్పుడు పాకినట్టుండే తెలుగు, గొంతెత్తి చదివితే నడక పట్టుకుంది. తెలియని మాట వస్తే ఓబులమ్మ ఊరుకోదు. అడుగుతుంది. ప్రేమకుమారికి తెలియకపోతే సాయంత్రం స్టాన్లీని అడగాలి. తరచుగా ఆయనకూ తెలిసేది కాదు. అది ఆమెకు కాస్త ఊరటగా ఉండేది.

ఓబులమ్మ ప్రతి మనిషి మీదా తీర్పు చెప్పేది. యాకోబు ఒక పిల్ల కోసం ఏడేళ్ళు పని చేస్తే, పెళ్ళి రాత్రి మామ ఇంకో పిల్లను అంటగట్టిన చోట సూది ఆపేసింది.

"ముసుగు తీసి సూడలేదా వాడు?"

"తెల్లారినాక చూసినాడంట."

"తెల్లారినాకనా." ఆగిన సూదిని మళ్ళీ గుడ్డలో దించింది. "ఆ మామను నాకు తెలుసు ప్రేమమ్మా. అట్లాంటి మేస్త్రీ దగ్గర ఆర్నెల్లు చేసినా."

యోసేపును అన్నలు గోతిలో పడేసిన చోటికి వచ్చేసరికి ట్రయలు చూసుకోవడానికి ఒకామె వచ్చింది. ప్రేమకుమారి పుస్తకం మూసింది. ఓబులమ్మ ఇంటికి పోయే వేళయినా కదల్లేదు. "ఆ పిల్లోన్ని పైకి తీసేదాకా నేను యాడికీ పోను" అని స్టూలు మీదే కూర్చుంది. మర్నాడు ప్రేమకుమారి, ఓబులమ్మ ఏం అడుగుతుందోనని, పొద్దున అన్నం వార్చే ముందు నాలుగు పేజీలు ముందుకు చదివి పెట్టుకుందామనుకుంది. పదకొండేళ్ళుగా చదువుతున్న కథే. అయినా ఈసారి గిన్నె అడుగు మాడిన వాసన స్టాన్లీకి వచ్చింది గానీ ఆమెకు రాలేదు. ఆయన ఏదో అనబోయి, పెళ్ళాం చేతిలో ఏ పుస్తకం ఉందో చూసి, మాడిన అన్నం డబ్బాలో పెట్టుకుని పోయాడు.

అక్టోబరులో గుడారం వచ్చింది.

"ఇంక ఇక్కడ కథ లేదు ఓబులక్కా. గుడారం కొలతలు. ఒక ఇరవై పేజీలు వదిలేసి ముందుకు పోదాం."

"కొలతలా?" ఓబులమ్మ ఆశ్చర్యపోయింది. "నువ్వు దర్జీవి గదా. కొలతలొస్తే నువ్వు వదిలేసేదేంది?"

పదకొండేళ్ళలో ఆ సంగతి ఒక్కసారి కూడా ప్రేమకుమారికి తట్టలేదు. పేజీ మళ్ళీ తెరిచింది. తెర పొడవు ఇరవై ఎనిమిది మూరలు, వెడల్పు నాలుగు మూరలు. చెయ్యి అలవాటుగా సుద్ద ముక్క మీదికి పోయింది.

"నాలుగు మూరలంటే డెబ్బై రెండు అంగుళాల పన్నా. అంత పన్నా చిక్‌పేట బట్టల అంగళ్ళలో కూడా దొరకదక్కా. ఒక్కో తెరకు పద్నాలుగు గజాలు. అట్లాంటివి పది."

"నూట నలభై గజాలా? యాడ పరిచి కత్తిరించిరో."

"ఎడారి కదా. జాగాకేమి?"

షాపు నేల మీద సుద్దతో గీసుకున్నారు. మూరకు ఒక వేలు లెక్క. అస్తరు ముక్కలు తెచ్చి పది తెరలు కత్తిరించారు. తెరకూ తెరకూ కలపడానికి అంచున యాభై కొలుకులు, వాటిలో దూర్చడానికి యాభై గుండీలు అని ఉంది. ఓబులమ్మ హుక్కుల ప్యాకెట్టు విప్పింది. ప్రేమకుమారి, "అన్నీ పెట్టాల్నా?" అంటే, "యాభై అని రాసినాక ముప్పై పెడితే ఎట్ల?" అంది. ఆ వారం నలుగురి జాకెట్లు ఆలస్యమయ్యాయి.

ఆ తరువాత, ఆ గుడారంలో సేవ చేసే యాజకుడి బట్టలు వచ్చాయి. పై అంగీ ఎలా కుట్టాలో రాసి ఉంది. నడుమ తల దూరడానికి రంధ్రం పెట్టాలట. అది చినగకుండా దాని చుట్టూ నేసిన పట్టీ వెయ్యాలట. ప్రేమకుమారి ఆ వాక్యాన్ని చదివి ఆగింది. మళ్ళీ చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. సరిగ్గా నాలుగు రోజుల కిందట ఒకామె మెడ దగ్గర చినిగిన జాకెట్టు తెచ్చి, ప్రేమకుమారి ముఖం మీద విసిరినంత పని చేసి పోయింది. తొందరలో మెడకు పట్టీ సరిగ్గా వెయ్యలేదు.

"ఓబులక్కా, ఇది చెప్పినాయనకు కుట్టుపని తెలుసు."

"దేవుడని చెప్తివి గదా. తెలీకుండా ఎట్లుంటుంది?" అని ఓబులమ్మ దారం కొరికింది.

ప్రేమకుమారి కళ్ళు తుడుచుకుని మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆ పుస్తకం పాస్టర్లకూ, చదువుకున్నవాళ్ళకూ, స్టాన్లీ లాంటి క్రమం ఉన్నవాళ్ళకూ రాసిందని ఆమె లోలోపల అనుకునేది. అందులో తన మెడ పట్టీ ఉంటుందని అనుకోలేదు.

నవంబరులో చెన్నరాయప్ప అయ్యగారు ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చారు. నేల మీద రంగు గుడ్డల గుడారం, చుట్టూ పుల్లలతో కట్టిన ఆవరణం, మధ్యలో అగ్గిపెట్టెతో చేసిన మందసం. అడుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన గడప దగ్గరే నిలబడిపోయారు.

"ఇదంతా నువ్వే చేసినావా అమ్మా?"

"ఓబులక్కా నేనూ చేసినాం అయ్యగారూ."

"ఆ పక్క తొక్కొద్దు సామీ, అది గర్భగుడి" అంది ఓబులమ్మ.

వచ్చే ఆదివారం బైబిలు దినం. గుడారాన్ని మందిరానికి తెచ్చి చూపించి, ఏటేటా బైబిలు చదివే అలవాటు తనకెలా వచ్చిందో సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు. ఆ వారమంతా స్టాన్లీకి ఉప్పు లేని కూరలే.

ఆదివారం ఆమె ముందుకు వచ్చి, గుడారాన్ని బల్ల మీద పెట్టి, చార్టు వైపు తిరిగింది. చేతిలో రబ్బరు ఉంది. తన పేరు ఎదురుగా ఉన్న టిక్కులను ఫిబ్రవరి మూడో వారం నుంచి ఆగస్టు దాకా ఒకటొకటిగా చెరిపింది. తరువాత, "ఇవన్నీ అబద్ధాలు" అని మొదలుపెట్టి, బకెట్టు సంగతీ, బీరువా సంగతీ, కొలతల చీటీల సంగతీ, ఓబులమ్మ సంగతీ అన్నీ చెప్పింది. బకెట్టు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. బీరువా దగ్గర అందరూ నవ్వారు. మెడ పట్టీ దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు.

కూడిక అయ్యాక ఆమె రబ్బరును చార్టు కింద బల్ల మీద మరిచిపోయింది. మరుసటి ఆదివారానికి చార్టులో సగం టిక్కులు లేవు. ఎవరు చెరిపారని ఎవరూ అడగలేదు. నావి తొమ్మిది. చెన్నరాయప్ప అయ్యగారు ప్యాంటు తీసుకోవడానికి వచ్చినప్పుడు, షాపులో ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి, "ఆ మెడ పట్టీ సంగతి ఏ అధ్యాయంలో ఉందమ్మా?" అని అడిగి చీటీ మీద రాసుకుపోయారట.

ఇద్దరూ కలిసి బైబిలు ముగించడానికి రెండేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది. ఆశ వరదలా ఏమీ పొంగలేదని ప్రేమకుమారే చెప్పేది. కొన్ని రోజులు పది పేజీలు సాగేవి, కొన్ని రోజులు అర పేజీకే ఆవలింతలు. అలాంటప్పుడు గొంతెత్తి చదివి, అర పేజీతోనే ఆపేసేది. మర్నాడు అక్కడి నుంచే మొదలు. ఓబులమ్మ మా సంఘంలో చేరలేదు. కదిరి నరసింహస్వామి పటం ఆమె ఇంట్లో ఉన్నచోటే ఉంది. 2003లో మోకాలు మరీ ఇబ్బంది పెట్టడంతో కూతురి దగ్గర ఉండడానికి ఊరికి వెళ్ళిపోయింది. ప్రేమకుమారి ఒంటరిగా కూడా షాపులో గొంతెత్తే చదివేది. మెడలో ఆఫీసు ట్యాగులు వేసుకున్న అమ్మాయిలు జాకెట్టు ట్రయలుకు వచ్చి, అధ్యాయం అయ్యేదాకా బెంచీ మీద కూర్చునేవాళ్ళు.

2007లో ఒక మధ్యాహ్నం ప్రేమకుమారి సెల్లు మోగింది. కదిరి నుంచి ఓబులమ్మ. వెనక పదిమంది ఆడవాళ్ళ గోల.

"ప్రేమమ్మా, ఈడ వేరుసెనక్కాయలు ఒలస్తా ఉండాము. నేను ఆ గాడిదల కథ చెప్తా ఉండా. తప్పిపోయిన గాడిదల్ని ఎతుక్కుంటా పోయి రాజైనాడే, వాని కథ. ఈ లచ్చిమి అడుగుతా ఉండాది, ఆ గాడిదలు దొరికెనా లేదా అని. నాకు గెవనం లేదు."

ప్రేమకుమారికీ గుర్తు లేదు. "ఉండక్కా, చూసి చేస్తా" అని ఫోను పెట్టి బైబిలు తెరిచింది. వెతికి, చదివి, పావుగంట తరువాత ఫోను చేసింది.

"దొరికినాయి ఓబులక్కా."

"ఎవరు తోలుకొచ్చిరంట?"

"అది రాయలేదు."

"చూస్తివా," అంది ఓబులమ్మ అవతల ఎవరితోనో. "దొరికినాయంట. ఎవరు తోలుకొచ్చిరో రాయలేదంట. రాజు కత రాసుకుంటా గాడిదల్ని మర్సిపోయినారు."

ఫోను పెట్టేశాక ప్రేమకుమారి పుస్తకం మూయలేదు. ఆ రాజు తరువాత ఏమయ్యాడో ఆమెకు తెలుసు, అయినా పేజీ తిప్పింది. బెంచీ మీద కూర్చున్న అమ్మాయి రెండుసార్లు దగ్గింది.

"ఒక్క నిమిషం కూర్చోమ్మా," అంది ప్రేమకుమారి పుస్తకంలోంచి తలెత్తకుండా. "హుక్కులు వేసేదే మిగిలింది."