కొసరుగా అడిగిన ఎక్స్‌రే

ఎనభైల మొదట్లో, పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేని రోజుల్లో, అమలాపురంలోని మా కిరాణా కొట్టు మెట్ల మీద జారిపడ్డాను. చెయ్యి వాచింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తామన్నారు. కొట్లో పుట్టి పెరిగినదాన్ని, నా నోరు ఊరుకుంటుందా?

“డాక్టరుగారండీ, కడుపులో తిప్పుతోందండి. చేతితోపాటు పొట్టకీ ఓటి కొసరుగా తీసెయ్యండి.”

“కొసరెయ్యడానికి ఇదేం బెల్లంముక్కా? అవసరం లేకుండా ఈ కిరణాలు ఒంటికి తగలకూడదమ్మా. నెలేవైనా తప్పేవా?”

గుమ్మంలో జనం గొల్లున నవ్వారు. సిగ్గుతో వేళ్లు లెక్కపెట్టి, “ఆయ్, తప్పేనండి” అన్నాను.

ఆయన సీసంతో చేసిన బరువైన ఆప్రాన్ నా పొట్టకి కప్పించి, చేతికి మాత్రం ఒక్కటే తీయించారు. ఎముక విరగలేదు. తర్వాత పరీక్షలో కడుపని తేలింది.

అడిగింది ఇవ్వని మనిషికి, వాచిన చెయ్యి కూడా ఎత్తి దణ్ణం పెట్టింది నా జన్మలో ఆ ఒక్కసారే.