ఆకుపచ్చ అంచు

గ్రంథాలయం వెనక గదిలో చిరిగిన కాగితాలు బాగుచేసే ఆమెను అందరూ అతుకులమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప వినపడదు. మేనమామ దగ్గర పని నేర్చుకుని ఈ గదిలోకి వచ్చి ముప్ఫైయొక్క ఏళ్ళు. తను వేసిన అతుకు ఎక్కడుందో తనే వెతుక్కోవాలి, అంత బాగా వేస్తుందని పేరు.

ఏడాదిగా ఆమెను ఒక భయం పట్టుకుంది. రంగులన్నీ టీ నీళ్ళలో ముంచి తీసినట్టు కనిపిస్తున్నాయి. మొన్న మనవరాలి ఆకుపచ్చ గౌనుకి గోధుమరంగు దారంతో గుండీ కుడితే కోడలు, "కొత్త ఫ్యాషనా అత్తయ్యా?" అంది. తనూ నవ్వేసి ఊరుకుంది. చూపు తగ్గిందని తెలిస్తే ఆ గదిలో ఉండనివ్వరు. మరో పని ఆమెకి చేతకాదు.

ఆ ఉదయం బల్లమీదికి జర్మన్ రాజ్యాల పాత పటం వచ్చింది. రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసినది. వెంట్రుకల్లాంటి గీతల్లో నదులు, చీమల బారుల్లా కొండలు, ఒక్కో రాజ్యం చుట్టూ చేత్తో పూసిన రంగు అంచు. నీళ్ళలో కడిగి మరకలు తియ్యాలి. అచ్చు సిరా కదలదు. పేచీ అంతా పూసిన రంగులతోనే. అందుకే ముందు ఒక్కో రంగు మీదా తడి దూది అద్ది చూస్తారు. ఆకుపచ్చ ఉంటే మాత్రం కడగనే కూడదు. అది రాగి చిలుముతో చేసిన రంగు; ఏళ్ళు గడిచేకొద్దీ కింది కాగితాన్ని తినేస్తుంది. "ఆకుపచ్చ కనిపిస్తే నీళ్ళ పళ్ళెం బోర్లించెయ్యవే" అనేవాడు మేనమామ.

ఎరుపు చూసింది. పసుపు చూసింది. గోధుమరంగు అంచుకి దూది అద్దితే రంగు దిగలేదు. పటాన్ని నీళ్ళలోకి దించింది.

నాలుగు నిమిషాలకి ఒక చిన్న రాజ్యం అంచు వెంబడి ఊడి, తేలుతూ వెళ్ళి పళ్ళెం గోడకి ఆనుకుంది.

ఆమె వెళ్ళి తలుపు గడియ పెట్టింది. పటం తీసి అట్టమీద పరిచి, ముక్కని దాని చోట కూర్చి, వెనక నుంచి పల్చటి కాగితం అంటించింది. వరండాలో అడుగుల చప్పుడైనప్పుడల్లా తలుపు కేసి చూసింది. చేతులు మాత్రం వణకలేదు.

సాయంత్రం అధికారి వచ్చి భూతద్దంతో చూసి మెచ్చుకున్నాడు. ఇలాంటివే ఇంకా పదకొండున్నాయని, ఆమెకి తప్ప ఎవరికీ ఇవ్వనని చెప్పి అట్టపెట్టె బల్లమీద పెట్టాడు.

పైనున్న పటం తీసి చూసింది. అన్నీ గోధుమరంగు అంచులే. అతను గుమ్మం దాటబోతుంటే పిలిచింది.

"సార్, ఇందులో ఆకుపచ్చ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి."

"అదేంటమ్మా, ఎదురుగానే ఉందిగా."

"నాకు కనపడట్లేదు సార్. పొద్దున కూడా కనపడలేదు."

అతను ఆరుతున్న పటం కేసి చూశాడు. వెనక్కి వచ్చి, దాన్ని మెల్లగా తిరగేసి, అంటించిన కాగితం మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. అప్పుడు మొదలయింది ఆమె చేతుల్లో వణుకు.