ఎర్రెద్దు నరానికి మూలకణాలు

2007 జూన్‌లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం అడవి వైపున్న ఒక మండల కేంద్రానికి పశువైద్యాధికారిగా బదిలీ అయ్యాను. మా శాఖలో ఈ ఉద్యోగం అసలు హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. జనానికి మాత్రం పశువుల డాక్టరే. ఆ రోజుల్లో నాకు కోపం ముక్కుమీదే ఉండేది.

తొలి వానలకు దున్నుతుంటే నాగలి కర్రు తగిలి ముత్తయ్య ఎర్రెద్దు వెనక కాలి నరం సగం తెగింది. ఊళ్లో నరం అనేది నిజానికి టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. కుట్టు వేశాను. గాయం మానింది కానీ కుంటు పోలేదు. వచ్చే వానాకాలానికి కాడి మొయ్యకపోతే అది కబేళాకు, కోతకే పోతుంది. ముత్తయ్యకు ఉన్నది ఆ ఒక్క జతే.

పశువైద్య కళాశాలలో పనిచేసే నా సహాధ్యాయి అప్పట్లో మూలకణాల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఎద్దు తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో మూడు వారాలు పెంచి, మళ్లీ దాని నరంలోకే ఎక్కించాలి. ఇదంతా చెబితే ముత్తయ్య, "అయితే దాని ఇత్తనం దానికే ఏస్తరా సారూ?" అన్నాడు. అంత సులువుగా నేను చెప్పలేకపోయినందుకు సిగ్గేసింది.

మూలుగ తీసి పంపిన మూడు వారాలకు కణాలు ఐసు పెట్టెలో బస్సెక్కి వచ్చాయి. స్కానింగులో చూసుకుంటూ సూది వేశాను. మూడు నెలలు ఎద్దును కట్టుగుంజ నుంచి విప్పొద్దని గట్టిగా చెప్పాను.

ఆరో వారం చెప్పకుండా వెళ్లాను. ముత్తయ్య భార్య సమ్మక్క రెండెద్దులనూ తోలుకుని వాగు నుంచి వస్తోంది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె తొణకలేదు.

"జోడు కనవడకుంటె ఇది గడ్డి ముడతలేదు సారు. కాడి ఎయ్యలే. ఉత్తగ నడిపిచ్చిన, వారానికి ఇంతింత దూరం పెంచుకుంట. కుంటితె ఆడికెల్లే మలిపిన."

సహాధ్యాయి పంపిన సూచనల్లో సరిగ్గా అదే ఉంది: రెండో వారం నుంచి మెల్లగా నడిపించాలి, దూరం పెంచుతూ పోవాలి, లేకపోతే కొత్త నరం పీచు వరసగా అల్లుకోదు. ఆ మాట వీళ్లకు చెప్పనివాణ్ణి నేనే. నడిపించమంటే వీళ్లు నాగలే కడతారని నా అనుమానం.

మూడో నెల స్కానింగులో నరంలోని ఖాళీ పూడింది. మరుసటి జూన్‌లో ఎర్రెద్దు కాడి కిందకు వచ్చింది.

నయం చేసింది కణాలా, నడకా, రెండూనా అని సహాధ్యాయి అడిగాడు. ఒక్క ఎద్దుతో అది తేలదనే నివేదికలో రాశాను. తేలింది ఇంకొకటి. నేను దాచిన సగం వైద్యాన్ని సమ్మక్క తన తెలివితో చేసింది. ఆమె నా మాట విని ఉంటే ఆ ఎద్దు కోతకు పోయేదేమో.