వెనక సీట్లో వదినగారు

సీట్లక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. టైర్ల కొట్టుకీ అద్దాల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆమె షాపులో నేల నుంచి కప్పు దాకా సీట్లే. కార్ల సీట్లు, మోటార్ సైకిళ్ళ సీట్లు, పళ్ళ డాక్టరు గారి కుర్చీ, క్షౌరశాల కుర్చీలు. పాత రెక్సిన్ చించి, చితికిన స్పాంజి పీకి, కొత్తది కోసి, గమ్ము రాసి, వంకర సూదితో అంచు కుడుతుంది. సీటులో పడిన గుంట చూసి మనిషి జాతకం చెప్పేస్తుంది. "ఈయన పర్సు వెనక జేబులో పెట్టుకుంటాడు, ఎడం వైపు వాలి కూర్చుంటాడు, ఎవరి మాటా వినడు" అంటుంది. మూడోది ఎలా తెలిసిందని అడిగితే, "రెండేళ్ళ కిందటే మార్పించమన్నా. విన్నాడా?" అంటుంది.

సైకిల్ క్లబ్బు వాళ్ళు ఆమె దగ్గరికి చేరింది కూడా అలాగే. ఆదివారం వస్తే వందా రెండొందల కిలోమీటర్లు తొక్కే జనం. సోమవారం పొద్దున్నే ఒక్కొక్కరూ సీటు విప్పి చంకలో పెట్టుకుని వచ్చేవారు. ఎక్కడ నొప్పో నోటితో చెప్పలేరు, చేత్తో చూపించలేరు. ఆమే అడిగేది: "ముందా, వెనకా, పక్కనా?" వాళ్ళు గోడకేసి చూస్తూ జవాబు చెప్పేవారు. క్లబ్బు కార్యదర్శి మందుల షాపాయన. ఊరందరికీ నొప్పుల మందులమ్మే మనిషి, తన నొప్పికి మాత్రం సీట్లక్క స్పాంజే దిక్కని ఒప్పుకున్నాడు.

"ఇంత అవస్థ ఎందుకండీ? హాయిగా ఇంట్లో కూర్చోవచ్చుగా?" అందామె ఒకసారి.

"ఒక్కసారి వచ్చి తొక్కి చూడక్కా, అప్పుడడుగు."

తను కుట్టిన సీటు మీద తను కూర్చోకపోతే ఎలాగని వెళ్ళింది. వెళ్ళిందంటే వెళ్ళింది, మరి వెనక్కి రాలేదు. ఏభై దాటిన మనిషికి సైకిలు పిచ్చి పట్టుకుంది. స్కూలు బస్సు నడిపే మొగుడు నెత్తి కొట్టుకున్నాడు. "రోజంతా చక్రాలు తిప్పి నేనింటికొస్తే, చక్రాలు తిప్పడానికి నువ్వు బయల్దేరతావా? ఈ ఇంటికి చక్రాల శాపమేదో ఉంది!"

ఇక రెండో ఆవిడ. సీట్లక్క కూతురి అత్తగారు, అంటే ఆమె వియ్యపురాలు. పిల్లలకి డ్రిల్లు నేర్పి రిటైరైన టీచరు. సైకిల్ క్లబ్బు పెట్టిన నలుగురిలో ఆవిడ ఒకరు. ఒకప్పుడు ఆవిడ వెనకబడిందంటే మిగతావాళ్ళు ఆగి, ఏమైందో ఏమోనని కంగారుపడేవారట, అంత అరుదు. తర్వాత చూపు తగ్గడం మొదలైంది. ఇప్పుడు ఎదుటి మనిషి పొగమంచులో నిలబడ్డట్టు కనిపిస్తాడు. సైకిలు మానేసింది. మానేశాక కొడుకు కారులో పక్కన కూర్చుని, కనపడని రోడ్డు మీద "బ్రేకు వెయ్యరా, బ్రేకు!" అంటూ అతని ప్రాణం తోడేసేది.

క్లబ్బు షెడ్డులో ఒక జంట సైకిలు ఉంది. ముందొక సీటు, వెనకొక సీటు, నాలుగు పెడళ్ళకీ కలిపి గొలుసు. ముందు కూర్చున్నవాళ్ళు దారి చూడాలి, బ్రేకు వెయ్యాలి. వెనకున్నవాళ్ళకి తొక్కడమే పని, వాళ్ళ చేతిలో ఉండే హ్యాండిలు తిరగదు. దాని వెనక సీటుకి బట్ట మారుస్తుండగా సీట్లక్కకి ఆ ఆలోచన వచ్చింది.

"వదినగారూ, కళ్ళు నావి, కాళ్ళు మనిద్దరివి. రెండొందల కిలోమీటర్ల రైడుకి వెళదామా?"

డ్రిల్లు టీచరు నిటారుగా కూర్చుంది. "నన్ను మూటలా వెనక కట్టుకుపోతానంటే రాను."

"మూటలు తొక్కవు కదండీ."

"అయితే వస్తాను. కానీ ఒక మాట. ఇది టైములోగా పూర్తయితే సరే. పూర్తి కాలేదా, నేనిక సైకిలు పేరెత్తను. మీరూ ఎత్తకూడదు."

ఆవిడ మాటంటే మాటే. డ్రిల్లు గ్రౌండులో విజిల్ వేస్తే పక్క బడి పిల్లలు కూడా నిలబడిపోయేవారట.

నెల్లాళ్ళు సాధన చేశారు. మొదట్లో ఒకరు కుడికాలు తొక్కుదామంటే ఒకరు ఎడంకాలు. రెండుసార్లు పొదలో పడ్డారు. చివరికొక సంజ్ఞ కుదిరింది. సీట్లక్క బండి పట్టుకుని నిలబడుతుంది, టీచరు వెనక ఎక్కి, పాదాలు సర్దుకుని, ఆమె వీపు మీద రెండు తట్లు తడుతుంది. రెండు తట్లు పడితే బండి కదలాలి. గాలి హోరులో మాట వినపడకపోయినా వీపుకి తెలుస్తుంది కదా అని.

రైడు రోజున తెల్లవారుతుండగానే బయల్దేరారు. సాయంత్రం ఏడున్నరలోగా తిరిగి చేరాలి. దారిలో చెక్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఎంత కష్టమైనా సొంత కాళ్ళతోనే రావాలి. తొక్కినా సరే, నడిచినా సరే, ఇంకో బండెక్కితే మాత్రం రైడు అక్కడికి సరి. అదే వాళ్ళ రూలు.

పొద్దుటి పూటంతా పెళ్ళి ఊరేగింపులా సాగింది. జంట సైకిలు కనపడితే చాలు, పొలాల్లో మనుషులు పని ఆపి చేతులూపారు. ఒక ముసలాయన పక్కన సైకిలు తొక్కుతూ, "ఇద్దరికి రెండు కొనుక్కోలేకపోయారా అమ్మా?" అని నిజంగానే జాలిపడ్డాడు. టీచరు వెనక నుంచి ఎత్తుపల్లాల లెక్క చెబుతోంది. "ఇప్పుడు మట్టి వాసనొస్తోంది, చెరువు దగ్గర పడ్డాం. ఇక ఎత్తు. గేరు తగ్గించండి వదినగారూ. తగ్గించారా? తగ్గించలేదు. నా మోకాళ్ళకి తెలుస్తోంది!"

మధ్యాహ్నం దాటాక ఒక పెట్రోలు బంకు చెక్ పాయింటు. ముద్ర పడింది, నీళ్ళు నింపుకున్నారు, చెరో రెండు అరటిపళ్ళు మింగారు. సీట్లక్క బండి పట్టుకుంది. టీచరు ఎక్కింది. బూటులో రాయి గుచ్చుకుంటే మళ్ళీ దిగి, బంకు గోడ పట్టుకుని బూటు విప్పింది. "ఒక్క నిమిషం" అన్న ఆవిడ మాట లారీల హోరులో సీట్లక్కకి వినపడలేదు. సరిగ్గా అప్పుడే క్లబ్బులో నర్సమ్మాయి అటుగా వెళుతూ, "శభాష్ అక్కా, భలే తొక్కుతున్నారు!" అని సీట్లక్క వీపు మీద ప్రేమగా తట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

బండి కదిలింది.

ముందు వాలు, వెనక గాలి. బండి బాణంలా పోతోంది. సీట్లక్కకి ఒళ్ళంతా రెక్కలొచ్చినట్టుంది.

"ఏం తొక్కుతున్నారు వదినగారూ! ఆ అరటిపళ్ళలో ఏముందో గానీ, పొద్దున్నించీ ఇలా తొక్కుంటే ఈపాటికి ఇంటి దగ్గరుండేవాళ్ళం!"

వదినగారు పలకలేదు. పొగడ్తకి సిగ్గుపడుతోంది కాబోలనుకుంది. ఇంత మంచి అదను మళ్ళీ దొరకదనిపించి, మూడేళ్ళుగా కడుపులో దాచుకున్నది బయటపెట్టింది. "మీరేమీ అనుకోనంటే ఒక మాట. మీ అబ్బాయి తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడట. మా అమ్మాయి చెప్పి చెప్పి అలిసిపోయింది. చిన్నప్పుడే కాస్త అలవాటు చేసుండాల్సింది మీరు."

మామూలుగా అయితే ఈ మాటకి టీచరు నుంచి పది మాటలొచ్చేవి. ఇప్పుడు ఒక్కటి లేదు. "మౌనం అంగీకారం" అనుకుని సీట్లక్క పొంగిపోయింది. ఆ ఊపులో అల్లుడి గురక సంగతి చెప్పింది. పెళ్ళిలో ఫొటో తీసేటప్పుడు తనని చివర్లో నిలబెట్టిన సంగతి చెప్పింది. తనే జవాబిచ్చుకుని, తనే క్షమించేసింది. వంతెన దాటేసరికి రెండు కుటుంబాల లెక్కలన్నీ తేలిపోయి, మనసు దూదిపింజలా ఉంది.

స్కూటరు మీద మొగుడూ పెళ్ళాం పక్కకొచ్చారు. పెళ్ళాం గొంతెత్తి అరిచింది. "ఏమండీ! మీ వెనక సీటు ఖాళీ!"

"విన్నారా వదినగారూ, వేళాకోళం! మీరు కనపడటం లేదట!" అంటూ సీట్లక్క పకపకా నవ్వి, వదినగారి మోకాలి మీద ఒక్కటి చరుద్దామని చెయ్యి వెనక్కి చాపింది. చేతికి గాలి తగిలింది.

బ్రేకు ఎలా వేసిందో ఆమెకే తెలియదు. తిరిగి చూస్తే తను కుట్టిన కొత్త బట్ట తళతళా మెరుస్తోంది, మీద ఎవరూ లేరు. "అయ్యో, దారిలో పడేసుకున్నానా!" అని వచ్చిన దారంతా కళ్ళతో వెతికింది. ఫోను చేసింది. వదినగారి ఫోను వెనక సీటు కింద సంచిలోనే మోగింది.

తిరుగుదారి పట్టింది. ఇప్పుడు గాలి ఎదురు, వాలు కాస్తా ఎత్తు. ఇద్దరు మోయాల్సిన బండి ఒక్కమనిషికి ఏనుగు పిల్లై కూర్చుంది. వెనక పెడళ్ళు వాటంతటవి ఖాళీగా తిరుగుతుంటే దెయ్యమెవరో తొక్కుతున్నట్టుంది. ఏడుస్తూ తొక్కింది. మధ్యలో తువ్వాళ్ళ సంగతి గుర్తొచ్చి, నవ్వొచ్చి, నవ్వుతూ తొక్కింది. ఎదురొచ్చే లారీలవాళ్ళు భయపడి దూరంగా జరిగారు.

ఇంకా బంకు రాకముందే రోడ్డు పక్కన వింత ఊరేగింపు కనపడింది. టీచరు నిటారుగా, చేతులూపుకుంటూ, డ్రిల్లులో నడిచినట్టు నడిచొస్తోంది. వెనక బంకు కుర్రాడు కారుని నెమ్మదిగా నడుపుకొస్తున్నాడు. పక్కన బొజ్జున్న బంకు యజమాని చెమటలు కక్కుతూ బతిమాలుతున్నాడు. "అమ్మా, మీకు పుణ్యముంటుంది, కారెక్కండి. ఏసీ కూడా వేస్తా!"

"మీరెక్కండి బాబూ, మీకు ఆయాసంగా ఉంది. నేనెక్కితే రూలు పోతుంది."

"మీకు కళ్ళు సరిగా కనపడవంటున్నారు..."

"తెల్లగీత కనపడుతోంది. గీత మీదే వస్తున్నా. మీరే గీత దాటుతున్నారు, జాగ్రత్త."

సీట్లక్క బండి ఆపింది. టీచరు గొలుసు చప్పుడు పోల్చుకుంది.

"వచ్చారా? ఎంత దూరం వెళ్ళాక తెలిసింది?"

"కొంచెం దూరమే వదినగారూ."

"కొంచెమంటే?"

"వంతెన."

"వంతెనకి ముందా, వెనకా?"

"దాటాక."

టీచరు మొహం వాడిపోయింది. "అయితే నేను లేనని బండికి తెలియనే లేదన్నమాట. నిజం చెప్పండి. తేలిగ్గా ఉందా?"

అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది. సీట్లక్క దాన్ని మింగేసింది. "పోయేటప్పుడు తేలిగ్గానే ఉంది. గాలి తోస్తుంటే, అదంతా మీ బలమే అనుకుని మిమ్మల్ని పొగుడుకుంటూ పోయా. ఇటు తిరిగాక తెలిసొచ్చింది. ఎదురుగాలిలో మీరు లేకపోతే ఈ బండి ఇనుప మంచం. ఒక్కదాన్నే తొక్కితే చచ్చినా కదలదు."

ఉన్నట్టుండి టీచరు భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని సీట్లక్క బెదిరింది. ఏడుపు కాదు, నవ్వు! డ్రిల్లు గ్రౌండంతా వినపడే నవ్వు. బంకాయన కూడా, ఎందుకో తెలియకపోయినా, బొజ్జ పట్టుకుని నవ్వాడు.

"ఎక్కు ముందు! నిలబడి చూస్తావేం? గంట పోయింది!" అంది టీచరు. పిల్లల పెళ్ళయిన మూడేళ్ళలో ఆవిడ నోటి నుంచి మొదటిసారి 'నువ్వు' వచ్చింది. వీపు మీద తట్లు పడ్డాయి. తట్లు కావు, గుద్దులు.

ఆ తర్వాత తొక్కింది తొక్కుడు! మళ్ళీ వంతెన దాటారు.

"అంత దూరం నేను లేకుండా ఏం మాట్లాడుకున్నావు?"

"ఏం లేదండీ. పొగిడానన్నాగా."

"వంతెన దాకా పొగడటానికి నాలో అంత ఏముంది?"

"గాలొస్తోంది వదినగారూ, వినపడటం లేదు!"

ఊరి ముందు ఆఖరి ఎత్తు దగ్గర సీట్లక్క కాళ్ళు చేతులెత్తేశాయి. పాపం, అందరికంటే ఎక్కువ దూరం తొక్కిన మనిషి. "ఇక నావల్ల కాదు. దిగి నడుద్దాం."

"దిగితే టైము పోతుంది. నువ్వు హ్యాండిలు పట్టుకో చాలు. కళ్ళు నీవి, కాళ్ళు నావి. ఒకటీ... రెండూ... ముందుబెంచీ, వినపడుతోందా? ఒకటీ... రెండూ!"

సీట్లక్క పాదాలు పెడళ్ళ మీద ఊరికే పడున్నాయి. పెడళ్ళు మాత్రం ఆగలేదు. కింద నుంచి ఎవరో తోసినట్టు ఒక్కో చుట్టూ తిరుగుతూ, బండి ఎత్తెక్కింది. తనే మూటలా మోయించుకుపోతుంటే ఎంత హాయిగా ఉందో! ఆ ఒకటీ రెండూకి తాళం వేస్తూ, రాని పాటొకటి అందుకుంది.

క్లబ్బు షెడ్డు ముందు అందరూ గడియారం చూస్తూ, మెడలు చాచుకుని నిలబడ్డారు. ఏడున్నర కావడానికి ఇంకా ముల్లు కొంచెం ఉందనగా జంట సైకిలు గేట్లోకి దూసుకొచ్చి, చెత్తబుట్టని గుద్ది ఆగింది. నర్సమ్మాయి తన చేతిని తనే కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "నావల్లే అక్కా, నావల్లే!"

మందుల షాపాయన కార్డు తీసుకుని గొంతు సవరించుకున్నాడు. తప్పదు, రూలు. "టీచరుగారూ, బంకు దగ్గర మీరొక్కరే ఉండిపోయారని విన్నాను. మధ్యలో ఏదైనా బండెక్కారా?"

"బండే నన్ను వదిలేసి పోయిందయ్యా. ఇంకెక్కేదెక్కడ?"

"మరి ఎలా వచ్చారు?"

"కొంత నడిచాను. మిగతాది తొక్కాను. చివర్లో ఈవిడని కూడా మోశాను."

షెడ్డు గొల్లుమంది. ఆయన ముద్ర గుద్దాడు. టీచరు కార్డు అందుకుని, కనపడదు కాబట్టి, తడి ఆరని ముద్రని వేలితో తడిమి చూసుకుంది. వేలికి అంటిన సిరా చీరకి తుడుచుకోబోయి మానేసింది.

"మూడొందల రైడు ఎప్పుడు?"

"వచ్చే నెల. కానీ టీచరుగారూ, ఈసారి ముందు సీటుకి ఇంకెవర్నైనా..."

"నేనొస్తా!" అంది నర్సమ్మాయి.

"నువ్వు వీపులు తట్టడం మానేశాక చూద్దాం. కార్యదర్శీ, మా ఇద్దరినీ రాసుకోవయ్యా. ఏం వదినా?"

సీట్లక్క అప్పటికే షెడ్డులో సిమెంటు నేల మీద వెల్లకిలా పడుంది. మూడొందలన్న మాట చెవిన పడగానే, పడుకునే ఒక చెయ్యి పైకెత్తింది. వద్దని బతిమాలుకోవడానికే ఎత్తింది.

"అదిగో, సరేనంటోంది" అన్నాడు మందుల షాపాయన.

"ఆ చెయ్యి నాకు కనపడదుగానీ, నువ్వు రాసెయ్" అంది టీచరు.