టైలరక్క సాక్ష్యం

టైలరక్క చెప్పే సాక్ష్యానికి ఆ చర్చిలో తిరుగులేదు. చంకలో గడ్డ లేచి, డాక్టరమ్మ కోయాలన్న వారమే ఉపవాస ప్రార్థనల్లో అది కరిగిపోయిందని మైకు పట్టుకుని చెప్పింది. అబద్ధం కాదు, ఆ రోజు వేలికి నిజంగానే తగల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి, పదిమంది తననే చూస్తుంటే ఆమెకూ బాగానే అనిపించింది. అప్పటినుంచి కొత్తవాళ్లు ఎవరొచ్చినా పాస్టరుగారు ఆమెనే లేపేవారు. "మన అక్కయ్య రెండు మాటలు చెబుతారు" అనేవారు. ఆమె లేచేది.

వానలు మొదలయ్యేసరికి గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి కత్తెర పట్టుకుంటే చెయ్యి భుజం దాకా లాగేది. జాకెట్లు వదులుగా కుట్టుకుని కప్పిపుచ్చింది. ఆసుపత్రి మెట్లెక్కుతుంటే చర్చివాళ్లెవరైనా చూస్తే ఏ మొహం పెట్టుకుని తిరుగుతుంది? చావంటే ఎంత భయమో, మైకులో చెప్పిన మాట అబద్ధమవుతుందన్నా అంతే భయం. దేవుడి పరువు కాపాడే బాధ్యత తన నెత్తిన పడ్డట్టు, పిచ్చి మనిషి, నోరు మెదపకుండా కూర్చుంది.

ఒక మధ్యాహ్నం బేకరీలో పనిచేసే చెల్లెమ్మ వచ్చింది. చర్చికి కొత్త, అక్కడ అందరూ ఆమెను చెల్లెమ్మనే పిలుస్తారు.

"నాకూ గడ్డ ఉందక్కా. ఆపరేషన్‌కి రమ్మన్నారు. నీ సాక్ష్యం విన్నాక మానేశాను. మందులు కూడా చెత్తబుట్టలో పడేశా" అంది, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

టైలరక్క మిషను ఆపేసింది. లేచి తలుపు వేసి, ఆ పిల్ల చెయ్యి తీసుకుని తన చంకలో పెట్టుకుంది.

చెల్లెమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత మెల్లగా, "నీకు విశ్వాసం చాల్లేదేమో అక్కా" అంది.

ఆ మాట ఆ పిల్ల సొంతం కాదు. జబ్బుపడి తేరుకోనివాళ్ల గురించి చర్చిలో వెనకాల అనుకునేదే. టైలరక్క కూడా ఒకరిద్దరిని అన్నదే. కోపం రావలసింది, ఏడుపు వచ్చింది. ఈ పిల్లతో వాదించి లాభం లేదని ఆమెకు తెలిసిపోయింది.

"అయ్యుండొచ్చమ్మా. నాకు భయంగా ఉంది. రేపు ఆసుపత్రికి తోడు రావా? ఒక్కదాన్నే వెళ్లలేను."

ఆమె నోట భయమన్న మాట చెల్లెమ్మ ఎప్పుడూ వినలేదు. కాదనలేకపోయింది. నీ కోసమే వస్తున్నాను, నా సంగతి ఎత్తకు అని షరతు పెట్టి మరీ వచ్చింది. టైలరక్క సరేనంది. డాక్టరమ్మ గదిలో అడుగుపెట్టగానే మాట తప్పింది.

"ముందు ఈ పిల్లను చూడండమ్మా."

చెల్లెమ్మ పని తొందరగానే తేలింది. ఇంకా మించిపోలేదు, వెంటనే కోయాలి, మళ్లీ మానేయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ పిల్ల మొహం ముడుచుకుని బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

డాక్టరమ్మ టైలరక్కను చాలాసేపు పరీక్షించింది. ఇన్నాళ్లూ ఏం చేశావని కోప్పడుతుందేమో అనుకుంది టైలరక్క. డాక్టరమ్మ చేతులు కడుక్కుని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఇంట్లో ఎవరున్నారమ్మా మీకు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఆమెకు అర్థమైంది. చర్చి అంతా ఉందని చెప్పబోయి ఆగింది.

"చెల్లెలుందండి" అంది. "బయట కూర్చుంది. నా మీద కోపంగా ఉంది."